కృష్ణ కోసం ఏడ్చినందుకు సిగ్గుపడకు

అబ్బాయ్,

హీరో కృష్ణ పోయిన రోజున నువ్వు టీవీ ముందు కూర్చుని భోరున ఏడ్చావనీ, సాయంత్రం దాకా అన్నం ముట్టలేదనీ మీ ఆవిడ, మా అమ్మాయి లాంటిది, ఫోన్లో చెప్పింది. మనవలు మొదట నవ్వారట. తరవాత భయపడ్డారట. "మా చినమావగారు పోయినప్పుడు కూడా ఈయన కంట తడి పెట్టలేదు బాబాయిగారూ, ఇదేం ఏడుపో నాకు అర్థం కావడం లేదు" అంది. ఆ పిల్ల మాటలో ఎత్తిపొడుపు లేదు, కంగారే ఉంది. ఆ తరవాత నుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదనీ, ఆయన సినిమా వస్తుంటే చానల్ మార్చేస్తున్నావనీ కూడా చెప్పింది. అరవై దాటినవాడివి, తాతవి అయ్యావు. ఇంట్లోవాళ్ల ముందు అలా ఏడ్చినందుకు లోపల కుంచించుకుపోతున్నావని నాకు అర్థమైంది. నిన్ను చిన్నప్పటి నుంచి ఎరిగినవాణ్ణి. అందుకే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

సిగ్గుపడకు. ముందు ఆ మాట చెప్పేస్తే తక్కినవి నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు.

మీ బాబాయి పోయినప్పుడు నువ్వు ఏడవలేదన్న మాట నిన్ను గుచ్చుకుని ఉంటుంది. నేను ఆ రోజున అక్కడే ఉన్నాను కదా. పాడె సామాను తెప్పించింది నువ్వు, ఊళ్లో వాళ్లకు కబురు పెట్టింది నువ్వు, పదకొండో రోజు దాకా వంటవాళ్లకీ పురోహితుడికీ చుట్టాలకీ సమాధానం చెప్పింది నువ్వు. కాళ్లూ చేతులూ అంత పనిలో ఉన్నవాడికి కళ్లకు తీరిక ఎక్కడిది? నీ దుఃఖమంతా ఆ పనిలోకి వెళ్లిపోయింది. కృష్ణ పోయినప్పుడు నీకు చెయ్యడానికి ఏ పనీ లేదు. మొయ్యడానికి నిన్ను భుజం ఇవ్వనిచ్చేవాళ్లు లేరు, ఓదార్చడానికి ఎదురుగా చుట్టం లేడు, నిన్ను పలకరించడానికి వచ్చేవాళ్లూ లేరు. చెయ్యడానికి పని లేని దుఃఖం కళ్లలోంచే పోవాలి. దీనిలో మీ బాబాయికి జరిగిన తక్కువేమీ లేదు. అమ్మాయికి ఈ మాట నేను చెప్పాను, నువ్వు కూడా నీ నోటితో చెప్పు.

ఇంకో మాట కూడా నీ చెవిన పడే ఉంటుంది. "నువ్వు ఏడ్చింది ఆయన కోసం కాదు, పోయిన నీ కుర్రతనం కోసం" అంటారు. వినడానికి బాగుంటుంది, తెలివిగా ఉంటుంది. నేను ఒప్పుకోను. అదే నిజమైతే నీ కుర్రతనంలో తెరమీద చూసిన ప్రతివాడు పోయినప్పుడూ ఇలాగే ఏడవాలి. శోభన్‌బాబు 2008లో పోయాడు. ఆయన సినిమాలూ నువ్వు మొదటి వారంలోనే చూసినవాడివి. అయ్యో అన్నావు, రెండు రోజులు బాధపడ్డావు. 2022 సెప్టెంబరులో కృష్ణంరాజు పోయాడు. అప్పుడూ అంతే. కృష్ణ దగ్గరకు వచ్చేసరికి కట్ట తెగింది. ఎందుకంటే నువ్వు ఏడ్చింది ఒక మనిషి కోసం, ఆ మనిషి చేసిన పని కోసం. ఆ పని నీకు ఏదో ఇచ్చింది. పుచ్చుకున్నవాడు ఇచ్చినవాడి కోసం ఏడిస్తే అది బలహీనత ఎలా అవుతుంది? కృతజ్ఞత కదా అది.

ఆయనేమిటో, ఏం చేశాడో నీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా చెబుతాను. దుఃఖంలో ఉన్నప్పుడు పోయినవాడి గురించి నికరమైన సంగతులు తలుచుకుంటే మనసు కుదుటపడుతుంది. ఉత్త "సూపర్‌స్టార్, సూపర్‌స్టార్" అనే కేకలతో కుదుటపడదు.

మన తెనాలి పక్కన బుర్రిపాలెం కుర్రాడు. ఇంచుమించు నా ఈడువాడు. రైతు కుటుంబం. ఏలూరు సి.ఆర్‌.రెడ్డి కాలేజీలో చదువుకునే రోజుల్లో అక్కినేని నాగేశ్వరరావుకు అక్కడ సన్మానం జరిగితే, ఆ జనాన్నీ ఆ గౌరవాన్నీ చూసి నటుణ్ణి అవ్వాలనుకున్నాడు. అలా అనుకున్న కుర్రాళ్లు ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. దర్శకుడు ఆదుర్తి సుబ్బారావు కొత్తవాళ్లతో 'తేనె మనసులు' తీస్తూ ఈయన్ని తీసుకున్నాడు. 1965లో వచ్చింది. ఈ కుర్రాణ్ణి మార్చమని చెప్పినవాళ్లున్నారు, ఆదుర్తి వినలేదు. ఆ సినిమాలో స్కూటరు మీద ఈయన చేసిన సాహసం చూసి నిర్మాత డూండీ మరుసటేడే 'గూఢచారి 116' చేతిలో పెట్టాడు. ఆ తరవాత ఏడు బాపు మొదటి సినిమా 'సాక్షి', ముళ్లపూడి వెంకటరమణ రాసింది. గోదావరి ఒడ్డున పులిదిండిలో తీశారు. చావు ఎదురుగా వస్తుంటే వణికిపోయే మామూలు పల్లెటూరి పడవవాడి వేషం అందులో ఈయనది. గూఢచారిగా పిస్తోలు పట్టి చప్పట్లు కొట్టించుకున్న ఏడాదికే భయస్తుడి వేషం వెయ్యడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించు. కృష్ణ అంటే ధైర్యం అని అందరూ అంటారు. నా మటుకు నాకు ఆ ధైర్యం గుర్రాల మీదా తుపాకుల్లోనూ కనిపించిన దానికంటే 'సాక్షి'లోనే ఎక్కువ కనిపిస్తుంది.

1971లో 'మోసగాళ్లకు మోసగాడు'. ఆరుద్ర కథా మాటలూ, కె.ఎస్‌.ఆర్‌.దాస్ దర్శకత్వం, రాజస్థాన్ ఎడారిలో షూటింగు. సొంత పద్మాలయా సంస్థ డబ్బు పెట్టి, తెలుగువాడి నెత్తిన కౌబాయ్ టోపీ పెట్టాడు. జనం ఒప్పుకోకపోతే అప్పుడే మునిగిపోయేవాడు. మరుసటి సంవత్సరం, 1972లో, పద్దెనిమిది సినిమాలు విడుదలయ్యాయి. ఒక్క మనిషివి, ఒక్క ఏడాదిలో. రోజుకు మూడు షిఫ్టులు పనిచేస్తేనే అది అయ్యే పని. నిద్ర కారులోనూ సెట్లోనూ పోయేవాడని చెప్పుకునేవారు.

ఇక 'అల్లూరి సీతారామరాజు'. 1974 మే ఒకటో తారీకు. నీకు పన్నెండేళ్లు. మీ అమ్మ వద్దంటుంటే నిన్ను తీసుకెళ్లింది నేనే. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రం అది, ఆయనకు నూరో సినిమా. ఎన్టీ రామారావు తానే ఆ వేషం వెయ్యాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాడని లోకానికంతా తెలుసు. అలాంటి వేషాన్ని ఈయన తలకెత్తుకున్నాడు. త్రిపురనేని మహారథి రచన. చింతపల్లి అడవుల్లో తీస్తుండగా దర్శకుడు వి.రామచంద్రరావు జబ్బుపడి చనిపోయాడు. ఆయన పేరు తియ్యలేదు. పోరాటాలు దాస్‌తో తీయించి, మిగిలింది కృష్ణే దగ్గరుండి పూర్తి చేసి, తెరమీద దర్శకుడిగా రామచంద్రరావు పేరే ఉంచారు. శ్రీశ్రీకి జాతీయ పురస్కారం వచ్చింది ఆ సినిమా పాటకే. తెలుగు పాటకు ఆ గౌరవం అదే మొదటిసారి.

ఆ రాత్రి ఇంటికి వచ్చేటప్పుడు రిక్షాలో నువ్వు ఒక్క మాట మాట్లాడలేదు. చివర్లో రామరాజును కాల్చే సీను నిన్ను అలా పట్టేసింది. ఇంటికి వచ్చాక మీ అమ్మను "అల్లూరి నిజంగా ఉన్నాడా?" అని అడిగావు. ఆ వేసవి సెలవుల్లో ఆయన గురించి దొరికిన పుస్తకమల్లా చదివావు. నీకు చరిత్ర మీద మక్కువ కలిగింది అక్కడే, తరవాత చదివింది అదే, ముప్ఫై ఏళ్లు బళ్లో పిల్లలకు చెప్పిందీ అదే. ఒక నటుడు నీకు ఏమిచ్చాడని ఎవరైనా అడిగితే ఈ సమాధానం చెప్పు. ఇది మామూలు ఋణం కాదు.

గెలిచినవే తలుచుకోకు, ఓడినవీ తలుచుకో. అల్లూరి అంత ఆడాక ఏమైంది? వరసపెట్టి సినిమాలు పోయాయి. ఆ గంభీరమైన రామరాజును చూసిన కళ్లతో జనం మామూలు వేషాల్లో ఆయన్ని ఒప్పుకోలేకపోయారు. పని అయిపోయింది అన్నారు. 1976 సంక్రాంతికి సొంతంగా 'పాడిపంటలు' తీసి నిలబడ్డాడు. ఆ మధ్య రోజుల్లో సగం ఖాళీగా ఉన్న హాల్లో నేల టికెట్టు కొని కూర్చున్న కుర్రాళ్లలో నువ్వు ఒకడివి. సినిమా పోయి నిర్మాత నష్టపోతే డబ్బు అడక్కుండా అతనికే ఇంకో సినిమా చేసిపెట్టిన మనిషి అని పరిశ్రమంతా ఈ రోజుకీ చెప్పుకుంటుంది. నాకు ఆయన మీద గౌరవం 70 ఎం.ఎం. 'సింహాసనం' చూసి కలిగింది కాదు. అది 1986లో తానే దర్శకత్వం వహించి హిందీలో కూడా తీసిన గొప్ప సాహసమే. కానీ ఈ నిర్మాతల సంగతి విన్నాకే గౌరవం కలిగింది. చేతిలో అధికారం ఉన్నప్పుడు అవతలివాడి నష్టాన్ని గుర్తుపెట్టుకున్నవాడు పెద్దమనిషి.

ఆయనకు నాట్యం రాదన్న మాట నిజం. మనవడు పాటలో ఆ అడుగులు చూసి నవ్వితే నొచ్చుకోకు. వాణ్ణి నవ్వనీ. ప్రేమించినవాడిలో లోటు ఒప్పుకుంటే ప్రేమ తగ్గదు. లోటు లేనట్టు వాదించేవాణ్ణి చూస్తేనే పిల్లలకు నమ్మకం పోతుంది. మూడు వందల యాభైకి పైగా సినిమాలు చేసిన మనిషి. వాటిలో చూడలేనివి బోలెడు ఉన్నాయి, నీకూ తెలుసు నాకూ తెలుసు.

ఇప్పుడు చెయ్యకూడని పనులు రెండు మూడు చెబుతాను, కోప్పడకుండా విను.

టీవీలో ఆయన పార్థివదేహాన్ని పదే పదే చూడటం మానెయ్. పద్మాలయా స్టూడియోలో అద్దాల పెట్టె, వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ, మహాప్రస్థానంలో చితి. ఆ బొమ్మలే రెండు రోజులు తిప్పి తిప్పి చూపించారు. ఎవరు ఏడ్చారు, ఎవరు ఏడవలేదు, కొడుకు ముఖం ఎలా ఉంది అని కెమెరాలు వెతికాయి. ఆ ఇంట్లో 2022 ఒక్క ఏడాదిలో మూడు చావులు. జనవరిలో పెద్దకొడుకు రమేష్‌బాబు, సెప్టెంబరు చివర్లో భార్య ఇందిరాదేవి, నవంబరులో ఈయన. అంతకు మూడేళ్ల ముందు రెండో భార్య విజయనిర్మల. అలాంటి ఇంటివాళ్ల కన్నీళ్లు లెక్కపెట్టడం అభిమానం అనిపించుకోదు. సినిమా మనది, చావు వాళ్లది. ఆ గీత దాటకు. హైదరాబాదు బయల్దేరబోతే ఇంట్లో ఆపేశారని నీకు బాధగా ఉందట. ఉండనీ, కానీ తప్పు చేశానని మాత్రం అనుకోకు. ఆ తొక్కిసలాటలో ఒక్క క్షణం అద్దంలోంచి ముఖం చూస్తే నీకు కొత్తగా దక్కేది ఏమీ లేదు. ఆయన అస్థికలు విజయవాడ తీసుకొచ్చి కృష్ణా నదిలో కలిపారు. అంత చూడాలనిపిస్తే ఓ పొద్దున వెళ్లి ఆ నీళ్లలో కాళ్లు తడుపుకుని రా. ఎవరూ తోయరు.

దుఃఖాన్ని గుంపులోకి తీసుకెళ్లకు. గుంపులో పడ్డ దుఃఖం ఎటు తిరుగుతుందో చెప్పలేం. 1987లో ఎమ్జీఆర్ పోతే తమిళనాట ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2006 ఏప్రిల్లో కన్నడ రాజ్‌కుమార్ పోతే బెంగుళూరులో బస్సులు తగలబడ్డాయి, ఒక పోలీసు కానిస్టేబులుతో సహా కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ పోయినవాళ్ల ఇళ్లల్లో ఏ తల్లి ఏ నటుణ్ణి తలుచుకుంటుంది? రాజ్‌కుమార్ మాత్రం తన కళ్లు దానం చేసి పోయాడు. 2021 అక్టోబరులో ఆయన చిన్న కొడుకు పునీత్ నలభయ్యారేళ్లకే పోయినప్పుడు ఆయన కళ్లు కూడా ఇచ్చారు, నలుగురికి చూపు వచ్చింది. అది చూసి కర్ణాటకలో ఎంతోమంది కళ్లు ఇస్తామని ముందుకొచ్చారు. అభిమానం అంటూ ఉంటే అలా ఉండాలి. నేను ఎనభైలో పడ్డాను, ఆ కాగితం మీద సంతకం పెట్టాను. నువ్వూ ఆలోచించు. ఇందులో బలవంతం లేదు.

నీ అటక మీద రేకు పెట్టె ఉంది కదా. పాటల పుస్తకాలు, కరపత్రాలు, వంద రోజుల పండుగల ఫొటోలు, అభిమాన సంఘం రసీదులు. అమ్మాయి వాటిని పాత కాగితాలవాడికి వేద్దామంటే నువ్వు ఎప్పుడూ దెబ్బలాడేవాడివి. ఇప్పుడు దించి దుమ్ము దులుపు. ఒక్కో దాని వెనక పెన్సిలుతో ఏ ఊళ్లో, ఏ ఏట, ఏ హాల్లో అన్నది నీకు గుర్తున్నంత వరకు రాసిపెట్టు. గుర్తు లేకపోతే వదిలెయ్. మన సినిమాల పాత నెగటివులు ఎన్నో పాడైపోయాయి, ప్రింట్లు దొరకవు. రేపు ఎవరైనా తెలుగు సినిమా చరిత్ర రాయాలంటే ఇలాంటి పెట్టెల మీదే ఆధారపడాలి. చరిత్ర మాస్టారివి, ఆధారం విలువ నీకు ఒకరు చెప్పాలా? చేతికి పని దొరికితే ఆ దుఃఖం కొంత అటు మళ్లుతుంది కూడా.

మనవలకు ఆయన సినిమా చూపించాలనుకుంటే 'అల్లూరి' మొత్తం ఒక్కసారిగా కూర్చోబెట్టి చూపించకు. ఈ కాలం పిల్లలు అంతసేపు కూర్చోరు, కూర్చోకపోతే నీ మనసు నొచ్చుకుంటుంది. అల్లూరి మీద నీ పాఠం ఒకటి ముందు చెప్పు. నువ్వు చెబితే వింటారు. ఆ తరవాత చివరి అరగంట వెయ్యి. పన్నెండేళ్ల నిన్ను పట్టేసింది వాళ్లనూ పడుతుందేమో చూడు. పట్టకపోయినా పరవాలేదు. వాళ్లకు వాళ్ల నటులు ఉన్నారు, ఎప్పుడో ఒకప్పుడు వాళ్లూ ఇలాగే ఏడుస్తారు. అప్పుడు తాత ఏడవడం గుర్తుకొస్తే వాళ్లకు సిగ్గు ఉండదు.

చివరి సంగతి ఇంకోటి ఉంది, రాయడానికి కాస్త తటపటాయించాను.

1977 సంక్రాంతి గుర్తుంది కదా. జనవరి 14న ఒకే రోజు ఎన్టీ రామారావు 'దానవీరశూరకర్ణ', కృష్ణ 'కురుక్షేత్రం' విడుదలయ్యాయి. ఒకే భారతం, రెండు హాళ్లు, రెండు గుంపులు. గోడల మీద పోస్టర్ల దగ్గర మొదలై పేడ నీళ్ల దాకా వెళ్లింది. కర్ణుడు గెలిచాడు, మనవాడిది ఆడలేదు. మన వీధి చివరి ఇంటి కుర్రాడు, ఒకటో తరగతి నుంచీ నీ పక్కన కూర్చున్నవాడు, ఎన్టీఆర్ మనిషి. ఆ సంక్రాంతికి వాడు ఏదో అన్నాడని, నువ్వు ఏదో అన్నావని మాటలు పోయాయి. తరవాత పలకరింపులు వచ్చినా ఆ మునుపటి చనువు రాలేదు. నటులేమో 1973లోనే 'దేవుడు చేసిన మనుషులు'లో కలిసి వేశారు, అదీ కృష్ణ సొంత పద్మాలయాలో. 1982లో 'వయ్యారి భామలు వగలమారి భర్తలు'లో మళ్లీ కలిసి వేశారు. తనకు ఎన్టీఆర్ అంటే అభిమానమని కృష్ణ దాచుకోకుండా చెప్పుకునేవాడు. వాళ్లకు లేని పంతం మీకెందుకు మిగిలింది?

1996 జనవరిలో రామారావు పోయినప్పుడు ఆ పిల్లాడు నీలాగే ఏడ్చాడు. నువ్వు పలకరించడానికి వెళ్లలేదు. నేను అప్పుడే చెప్పవలసింది అని ఇప్పుడు అనను. అప్పటి సంగతి అప్పటిది. కృష్ణ పోయిన మర్నాడు వాడు నాకు బజార్లో కనబడి, నిలబెట్టి, నీ గురించి అడిగాడు. "వాడు ఎలా ఉన్నాడు బాబాయ్, తట్టుకున్నాడా?" అన్నాడు. నీ దుఃఖం ఎంతదో ఈ ఊళ్లో వివరం చెప్పకుండానే తెలిసినవాడు వాడొక్కడే. మీ ఇద్దరికీ అరవై దాటాయి. వాడి నంబరు నా దగ్గర ఉంది, అమ్మాయికి చెప్పాను, రాసుకుంది. ఈ ఉత్తరం మడిచిపెట్టకముందే వాడికి ఫోన్ చెయ్యి.